రంగు పెన్నులు చివర్న కొనండి

గ్రీటింగ్ కార్డులు ఇంట్లోనే చేద్దామన్న సరదా పుట్టగానే చాలామంది చేసే మొదటి పని మార్కర్ల సెట్ ఆర్డర్ పెట్టడం. అరవై రంగులో ఎనభై రంగులో, జిప్ సంచీతో సహా వచ్చేస్తాయి. రబ్బరు స్టాంపు ఒకటి కొంటారు, ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, ప్రింటర్ కాగితాలకు కొదవ లేదు. అరగంట తర్వాత చూస్తే నల్ల గీతలు ఎర్ర రేకుల్లోకి కారి ఉంటాయి, ఎరుపు గీత దాటి ఆకుల్లోకి పాకి ఉంటుంది, కాగితం ఎత్తితే కింద టేబుల్ మీద అదే పువ్వు ఇంకోటి. "మనకి బొమ్మలు రావులే" అనుకుంటారు, సెట్ అటకెక్కుతుంది.

బొమ్మలు రాకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. బొమ్మ గీసే పని స్టాంపే చేసిపెట్టింది. పాడైంది ఇంకు వల్ల, కాగితం వల్ల. స్టాంపు అచ్చుకి రంగు బాగా కుదరడం, కుదరకపోవడం చాలావరకు రంగు ముట్టుకోకముందే తేలిపోతుందని నా వాదన. అందుకే డబ్బు ముందు కాగితం మీద పెట్టాలి, తర్వాత ఒక మంచి ఇంక్ ప్యాడ్ మీద. రంగులు ఆ తర్వాత. వీడియోల్లో కనిపించేది దీనికి తలకిందులు. మార్కర్లు వరసగా పేర్చిన అర కెమెరాకి అందంగా ఉంటుంది, తెల్ల కాగితం కట్టని ఎంతసేపని చూపిస్తారు?

అచ్చు గీత వేసి లోపల చేత్తో రంగు నింపడం పాత పనే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి క్రిస్మస్ కార్డు లిథో (రాతి పలక) అచ్చు, రంగులు మాత్రం చేత్తో వేసినవి, ధర ఒక షిల్లింగు. మనవైపు పెడన, మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులతో గుడ్డ మీద గీత దింపుతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడి పట్టేస్తుంది. గుడ్డని కరక్కాయతో పాటు గేదెపాలలో ఎందుకు నానబెడతారంటే, పాలలోని కొవ్వు రంగుని గీత దాటి పాకనివ్వదు. అంటే ఆ పనివాళ్ళు రంగు సంగతి తర్వాత చూసుకుని, గుడ్డ సంగతి, నల్ల గీత సంగతి ముందు తేల్చుకున్నారు. కార్డుల దగ్గరా తేల్చుకోవాల్సినవి ఆ రెండే.

గీత సంగతి ముందు చూద్దాం. సూత్రం ఒక్కటే: గీత వేసిన ఇంకు ఏ ద్రవంలో కరుగుతుందో, లోపల నింపే రంగులో ఆ ద్రవం ఉండకూడదు. నీళ్ళలో కరిగే డై ఇంకుతో అచ్చు వేసి పైన వాటర్ కలర్ పెడితే గీత చెదిరిపోతుంది. అదే గీత ఆరాక పైన ఆల్కహాల్ మార్కర్ ఎంత రుద్దినా కదలదు. జపాన్ కంపెనీ సుకినెకో తయారుచేసే మెమెంటో ప్యాడ్ ఈ రకమే, ఆల్కహాల్ మార్కర్ల వాళ్ళు చాలామంది దాన్నే వాడతారు. వాటర్ కలర్ వేయాలంటే దీనికి వ్యతిరేకం: నూనె ఆధారంగా ఉండే వెర్సాఫైన్, రేంజర్ వాళ్ళ ఆర్కైవల్ లాంటివి. ఇవి ఆరితే నీటికి కదలవు, ఆల్కహాల్ తగిలితే మాత్రం మసిబారుతాయి. స్టేజాన్ అనే సాల్వెంట్ ఇంకు గాజు మీద, ప్లాస్టిక్ మీద నిలుస్తుంది కాబట్టి దేనికైనా నిలుస్తుందని కొంటారు. ఆల్కహాల్ మార్కర్ పడగానే అది కరిగి మార్కర్ మొనని కూడా నల్లగా చేస్తుంది. ఇలా అయిన మొనని వెంటనే చిత్తుకాగితం మీద గీస్తూ పోతే నలుపు చాలావరకు దిగిపోతుంది. ఊరుకుంటే ఆ పసుపు మార్కర్ ఇక బూడిదరంగు మార్కరే.

ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఈ పనికి పనికిరాదు. ప్యాడ్ నెలల తరబడి ఎండిపోకుండా ఉండాలని ఆ ఇంకులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. రసీదు కాగితం పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. దళసరి కార్డు మీద అది పైపైన ఉండిపోయి, రంగు తగలగానే లేస్తుంది.

పేరు తెలియని ప్యాడ్ చేతికొస్తే పరీక్ష తేలిక. మీరు వాడబోయే కాగితం ముక్క మీదే ఒక అచ్చు వేసి ఐదు నిమిషాలు ఆగండి. లేత పసుపు మార్కర్‌తో గీత మీద నాలుగుసార్లు అటూ ఇటూ రుద్దండి. పసుపు పసుపుగానే ఉంటే ఆ జోడీ కుదిరినట్టు. ఇంకో ముక్క మీద తడి కుంచెతో అదే చేయండి. లేత పసుపే ఎందుకంటే మసి ఏ కాస్త కలిసినా అందులో దాగదు. వానాకాలంలో ఐదు నిమిషాలు చాలదు, పిగ్మెంట్ ఇంకులు పావుగంట తర్వాత కూడా వేలికి అంటుతాయి. హీట్ గన్‌తో కొన్ని సెకన్లు వేడి తగిలిస్తే సరి. హెయిర్ డ్రయర్‌తో ఆరుతుంది గానీ గాలి జోరుకి కాగితం ఎగిరిపోతుంది, మూలలు పట్టుకోవాలి.

ఇక కాగితం. ఎక్కువసేపు చెప్పాల్సింది దీని గురించే. 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ప్రింటర్ కాగితం ఏ రంగుకీ పనికిరాదు: మార్కర్ కింద తడిసి దిగిపోతుంది, వాటర్ కలర్‌కి ముడతలు పడుతుంది, పెన్సిల్‌కి రెండో పొర నిలవదు. మెరిసే ఆర్ట్ కార్డు ఇంకా అన్యాయం, దాని పైపూత తడిని లోపలికి రానివ్వదు, ఇంకు పైన తేలుతూ చెరిగిపోతుంది. ఆల్కహాల్ మార్కర్లకి కావలసింది పూత లేని, నున్నటి, 250 నుంచి 300 జీఎస్ఎం తెల్ల కార్డు. అమెరికాలో నీనా కంపెనీ సోలార్ వైట్ అనే కార్డుని ఈ పనికి విరివిగా వాడతారు. మన ఊళ్ళో దొరికేది ఐవరీ షీట్. మిల్లు మారితే ఐవరీ షీట్ గుణం మారుతుంది కాబట్టి యాభై షీట్లు కొనేముందు ఒక్కటి తెచ్చుకుని చూడండి. ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖలు కత్తిరించగా మిగిలిన ముక్కలు అడిగితే చవకగా ఇస్తారు, పరీక్షలకి అవి భేషుగ్గా ఉంటాయి.

కాగితం పరీక్ష ఇలా: మార్కర్ మొనని ఒకేచోట ఆనించి మూడు లెక్కపెట్టే దాకా కదపకండి. మంచి కాగితం మీద చుక్క నిదానంగా, గుండ్రంగా పెరుగుతుంది, అంచు స్పష్టంగా ఉంటుంది. పనికిరాని కాగితం మీద అంచునుంచి సన్నటి వేళ్ళు బయటికి పాకుతాయి. ఆ వేళ్ళే రేపు మీ పువ్వు గీత దాటేవి. ఏ కాగితమైనా కొద్దోగొప్పో పాకిస్తుంది, అందుకే మార్కర్‌ని గీత దాకా తీసుకెళ్ళకూడదు. ఒక మిల్లీమీటరు ఇవతల ఆపితే మిగతా దూరం రంగు తనంతట తానే నడుస్తుంది.

వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితమే కావాలి, అందులోనూ హాట్ ప్రెస్ అనే నున్నటి రకం. కోల్డ్ ప్రెస్ గరుకు మీద స్టాంపు గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది. కోల్డ్ ప్రెస్సే ఇంట్లో ఉంటే దాన్ని వెనక్కి తిప్పి చూడండి, చాలా రకాల్లో రెండో వైపు కాస్త నున్నగా ఉంటుంది. కలర్ పెన్సిళ్ళకి మాత్రం మరీ నున్నటి కాగితం వద్దు. మైనపు రంగు పట్టుకోడానికి కొద్దిగా గరుకు ఉండాలి, లేకపోతే మూడో పొర జారిపోతుంది.

అచ్చు వేయడం నిమిషం పని, జాగ్రత్తలు మూడే. ప్యాడ్ మీద స్టాంపుని అదమొద్దు. స్టాంపుని తిరగేసి పట్టుకుని ప్యాడ్‌తో మెల్లగా తడుతూ పోతే ఇంకు గీతల మీదే ఉంటుంది, పల్లాల్లోకి దిగదు. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపుల్ని యాక్రిలిక్ దిమ్మకి అంటించి వాడతారు. వీటికి కాగితం కింద మౌస్ ప్యాడ్ లాంటి మెత్తటిది ఉండాలి, చెక్క దిమ్మకి అతికిన ఎర్ర రబ్బరు స్టాంపుకి గట్టి బల్ల చాలు. నొక్కాక ఊపకండి, ఊపితే గీత పక్కన నీడలా ఇంకో గీత వస్తుంది. కొత్త పాలిమర్ స్టాంపు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే దాని ఉపరితలం ఇంకా జిడ్డుగా ఉందని అర్థం, పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరుతో ఒకసారి సుతారంగా తుడవండి. ఈ స్టాంపులు ఎండలో పెడితే పసుపెక్కి గట్టిపడతాయి. సబ్బు నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి.

సొంత బొమ్మతో స్టాంపు కావాలనుకుంటే కోర్టుల దగ్గర, కలెక్టరాఫీసు దగ్గర రబ్బరు స్టాంపులు చేసే షాపుల వాళ్ళు చేసిస్తారు. రెండు మాటలు ముందే చెప్పాలి. లోపలే ఇంకు ఉండే సెల్ఫ్ ఇంకింగ్ రకం వద్దు, అందులో ఉండేది ఆ ఆఫీసు ఇంకే. గీత అర మిల్లీమీటరు కన్నా సన్నం కాకూడదు, సన్నగీతలు రబ్బరులో నిలవవు. మన పండగలకి ఈ దారి తప్ప గత్యంతరం కూడా లేదు. అంగట్లో దొరికే స్టాంపుల్లో క్రిస్మస్ చెట్లు, గుమ్మడికాయలు కుప్పలు, భోగిమంటా గొబ్బెమ్మా వెతికినా కనపడవు.

ఇప్పుడు రంగులు. మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు కలర్ పెన్సిళ్ళకే, మార్కర్లకి కాదు. పెన్సిల్ పొడి వస్తువు, ఆరిన ఏ ఇంకు గీతనీ పెద్దగా కదపదు, కాగితం వెనక్కి దిగదు, తప్పు వేస్తే కొంతైనా చెరుగుతుంది. బడిపిల్లల పెన్సిళ్ళు వద్దు, వాటిలో రంగు తక్కువ, గట్టిదనం ఎక్కువ, అదిమితే కాగితం మీద గాడి పడుతుందే గానీ రంగు పెరగదు. ఫేబర్ కాస్టెల్ పాలిక్రోమోస్ లాంటి ఆర్టిస్ట్ పెన్సిళ్ళని విడిగా ఒక్కొక్కటి కూడా అమ్ముతారు. పన్నెండు చాలు: ఎరుపులో మూడు, ఆకుపచ్చలో మూడు, పసుపు, నారింజ, లేత నీలం, ముదురు నీలం, గోధుమ, వంకాయ రంగు. నలుపు జాబితాలో లేకపోవడం పొరపాటు కాదు. నీడ కోసం నలుపు వేస్తే ఎరుపు మురికిగా అవుతుంది. ఎరుపు నీడకి వంకాయ రంగు, ఆకు నీడకి ముదురు నీలం వేసి చూడండి.

మందార రేకు ఒకటి తీసుకుందాం. వెలుగు ఎటునుంచి వస్తోందో ముందే అనుకోవాలి, కుడివైపు పైనుంచి అనుకుంటే అన్ని రేకులకీ అదే. పెన్సిల్ మొన వాడిగా చెక్కండి. లేత ఎరుపుతో రేకంతా ఒక పలుచటి పొర, చెయ్యి అదమకుండా. తర్వాత నడి ఎరుపుతో పువ్వు మధ్యనుంచి అంచువైపు విసురు గీతలు, మొదట్లో కాస్త ఒత్తి, చివర్లో పెన్సిల్ గాల్లోకి లేచిపోయేలా. ఇవి రేకు పొడవులో మూడింట రెండు వంతులకే ఆగాలి, పైగా అన్నీ ఒకే పొడవు ఉండకూడదు. ముదురు ఎరుపు మూడింట ఒక వంతు. వంకాయ రంగు రేకు మొదట్లో, ఒక రేకు కిందకి ఇంకోటి దూరే చోట మాత్రమే, సన్నగా. చివరికి లేత ఎరుపు మళ్ళీ తీసుకుని ఈసారి కాస్త ఒత్తి మొత్తం మీద తిప్పితే పొరలు కలిసిపోతాయి. వెలుగు పడే అంచు దగ్గర మాత్రం ఒక్క పలుచటి పొరే ఉండనివ్వండి, కాగితం తెలుపు కనపడితే ఇంకా మంచిది. రంగు నింపేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే, ఖాళీ వదలడానికి చెయ్యి రాదు. అంతా నింపిన పువ్వు చదునుగా ఉంటుంది.

పెన్సిల్ రంగుల్ని నున్నగా కలపడానికి వాసన లేని మినరల్ స్పిరిట్ (పెయింటు పలచన చేసే ద్రవం)లో ముంచిన స్టంపుతో, అంటే కాగితం చుట్టి చేసిన పుల్లతో రుద్దుతారు. అది ఆవిరైపోతుంది. దానికి బదులు బేబీ ఆయిల్, కొబ్బరినూనె వాడొచ్చని సలహాలు వినిపిస్తుంటాయి. రంగు కలుస్తుంది, నిజమే. నూనె ఆవిరవదు, నాలుగు రోజుల్లో బొమ్మ చుట్టూ బజ్జీల పొట్లం మరక పడుతుంది. మైనపు పెన్సిళ్ళ మీద కొన్నాళ్ళకి తెల్లటి పొర తేలితే కంగారు పడక్కర్లేదు, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఎండాకాలంలో అరచెయ్యి కింద టిష్యూ ముక్క పెట్టుకోండి, చెమట తగిలిన చోట రంగు పట్టదు.

మార్కర్ల విషయానికొస్తే, సెట్ కొనడం కన్నా ఒకే వంశంలో మూడు ఛాయలు కొనడం మేలు. జపాన్‌లో 1987లో మొదలైన కోపిక్ మార్కర్ల అంకెలు ఇందుకు దారి చూపిస్తాయి. అక్షరం రంగు కుటుంబం, మొదటి అంకె ఆ రంగు ఎంత స్వచ్ఛంగా ఉందో, చివరి అంకె ఎంత ముదురో చెబుతుంది. అక్షరం, మొదటి అంకె ఒకటే ఉండి, చివరి అంకెలో రెండు మూడు తేడా ఉంటే అవి ఒకదాంట్లో ఒకటి తేలిగ్గా కలుస్తాయి. ఆర్ 22, ఆర్ 24, ఆర్ 27 అలాంటి వరుస. చవక సెట్లలో అంకెలకి ఈ లెక్క ఉండకపోవచ్చు, మూత రంగుకీ లోపలి రంగుకీ పొంతనా ఉండదు. కాబట్టి వాడబోయే కాగితం మీదే ప్రతి మార్కర్‌తో ఒక గడి నింపి, అంకె రాసి, ఆరాక చూసుకోవాలి. తడిమీద ఉన్న రంగు ఆరాక లేతబడుతుంది.

వేసే వరుసలో రహస్యం ఏమీ లేదు, తడి ఉండగానే పని అయిపోవాలి అంతే. లేత రంగు మొత్తం పరిచి, అది తడిగా ఉండగానే నీడ వైపు నడి రంగు, మూలలో ముదురు. వెంటనే ముదురుకీ నడి రంగుకీ మధ్య అంచు మీద నడి రంగు, నడి రంగుకీ లేతకీ మధ్య అంచు మీద లేత రంగు. పెద్ద బొమ్మంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఒక రేకు పూర్తయ్యాకే ఇంకోటి. ఫ్యాను కింద కూర్చుంటే రేకు సగంలోనే ఆరిపోతుంది, రెండు రంగుల మధ్య గీత కనపడుతుంది. ఆరిన చోట లేత రంగుతో మళ్ళీ మళ్ళీ రుద్దితే కలుస్తుందనుకుంటారు. కలిసేది కొంచెం, కాగితం నిండిపోయి గీత బయటికి కారేది ఎక్కువ. రెండు వైపులా మొనలున్న మార్కర్లని పడుకోబెట్టి దాచండి, నిలబెడితే పై మొన ఎండిపోతుంది.

ఒక మాట ఇక్కడే అనేయాలి. స్టాంపుల్లో పిల్లల బొమ్మలు, దేవతల బొమ్మలు ఉంటే మన వాళ్ళు కూడా పాఠంలో చెప్పినట్టు లేత గులాబీ చర్మమే వేస్తారు, కోపిక్‌లో ఇ 000, ఇ 00, ఇ 11 అన్న వరుస కళ్ళు మూసుకుని కొనేస్తారు. మన ఇళ్ళల్లో మనుషుల రంగుకి ఇ 33, ఇ 35, ఇ 37 దగ్గరగా ఉంటాయి. పెన్సిల్ అయితే గోధుమ మీద పలుచగా నారింజ, నీడకి కొద్దిగా వంకాయ రంగు. బుగ్గలకి గులాబీ బదులు ఇటుక ఎరుపు పట్టేలా చూడండి.

వాటర్ కలర్‌కి ఇంకో దారి ఉంది, గీతని ఎంబాసింగ్ చేయడం, అంటే పొడి కరిగించి గీతని ఎత్తుగా తేల్చడం. ముందు కాగితం మీద టాల్కం పౌడర్ గుడ్డమూటతో అద్ది దులపాలి, లేకపోతే తేమకీ స్టాటిక్‌కీ పొడి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. వెర్సామార్క్ లాంటి జిగట ఇంకుతో అచ్చు వేసి, నల్ల ఎంబాసింగ్ పొడి చల్లి, వెనక తట్టి మిగిలింది డబ్బాలోకి తిరిగి పోయండి. బొమ్మ బయట ఉండిపోయిన రేణువుల్ని పొడి కుంచెతో తీసేశాకే హీట్ గన్ పెట్టాలి. కరిగాక తీయడం కుదరదు. ఒకచోట వేడి పెట్టి, పొడి మెరవగానే ముందుకి జరగాలి. మెరుపు వచ్చాక కూడా అక్కడే పట్టుకుంటే కరిగింది కాగితంలోకి ఇంకిపోయి గీత నిస్తేజంగా, జిడ్డుగా మిగులుతుంది. సరిగ్గా వచ్చిన గీత చిన్న గట్టులా నిలబడి నీళ్ళని ఆపుతుంది, కుంచె చెయ్యి వణికినా రంగు గీత దాటదు. రేకులో ముందు నీళ్ళు పెట్టి, నీడ దగ్గర రంగు తాకిస్తే అది తానే పాకుతుంది. సగం ఆరిన రంగు మీద మళ్ళీ తడి కుంచె పెట్టకండి, గోబీపువ్వు అంచులాంటి మరక పడుతుంది. రంగు పెంచాలంటే పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ మొదటినుంచి వేయాలి.

రంగులకి డబ్బు లేదంటే ఇంట్లో ఉన్న స్కెచ్ పెన్నులే వాడొచ్చు, నేరుగా కాదు. నేరుగా రెండుసార్లు రుద్దేసరికి కాగితం పైపొర ఉండలు చుట్టుకుంటుంది. ప్లాస్టిక్ షీట్ మీద స్కెచ్ పెన్‌తో గీకి, ఆ రంగుని తడి కుంచెతో తీసుకుని వాటర్ కలర్‌లా వేస్తే పది రూపాయల సరుకు అని ఎవరూ అనుకోరు. వెలుగు తగిలితే ఇవి వెలిసిపోతాయి, ఆల్కహాల్ మార్కర్లూ అంతే. ఫ్రేము కట్టి గోడకి పెట్టే కార్డయితే మంచి పెన్సిళ్ళో, ఆర్టిస్ట్ రకం వాటర్ కలరో వాడాలి.

తెల్ల జెల్ పెన్‌తో పెట్టే మెరుపు చుక్కలు అన్నిటికన్నా చివర. మార్కర్ మీద బాగా పడతాయి. మైనపు పెన్సిల్ మీద బంతికి మైనం పట్టి పెన్ను మొరాయిస్తుంది, చిత్తుకాగితం మీద గుండ్రాలు చుడితే మళ్ళీ కదులుతుంది. ఒక బొమ్మకి నాలుగైదు చుక్కలు దాటితే అమ్మవారు పోసినట్టుంటుంది.

రంగు ఎప్పుడూ కార్డు మీద నేరుగా వేయొద్దు, విడి ముక్క మీద వేసి అతికించండి. వెనక్కి దిగిన మార్కర్ మరక దాగుతుంది, పాడైతే ముక్కే పోతుంది, కార్డు మిగులుతుంది. ఏ4 షీట్‌ని సగం కోసి మధ్యకి మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు. దాని మీద 95 × 138 ముక్క చుట్టూ ఐదు మిల్లీమీటర్ల అంచు వదులుతుంది, సీ6 కవరులో సరిపోతుంది. ఫెవికాల్ నిండా పూస్తే తడికి ముక్క విల్లులా వంగుతుంది. రెండువైపులా అంటుకునే టేపు మేలు. ఫోమ్ టేపు వేసి బొమ్మ ఎత్తుగా పెడితే చూడ్డానికి బాగుంటుంది కానీ, పోస్టులో ఆ ఎత్తు మీదే ముద్ర పడుతుంది. పోస్టు చేసేవాటికి చదును టేపు, చేతికిచ్చేవాటికి ఫోమ్. పెన్సిల్ రంగు కవరు లోపలివైపు అంటకుండా మధ్యలో ఒక బటర్ పేపర్ ముక్క పెట్టండి.